పాత వాహనాల ఇంజన్ల ఇంటి మరమ్మత్తు (గోదావరిఖని ప్రాంతం)

పాత వాహనాల ఇంజన్ల ఇంటి మరమ్మత్తు అనగా పదిహేను, ఇరవై సంవత్సరాలు దాటిన స్కూటరు, మోటారు సైకిలు, జీపు వంటి వాహనాల ఇంజన్లను యజమాని తన ఇంటి ఆవరణలోనే విప్పి, శుభ్రపరచి, అరిగిన భాగాలను మార్చి, తిరిగి నడిచేటట్లు చేసుకొనే పని. ఈ వ్యాసం తెలంగాణ రాష్ట్రం, పెద్దపల్లి జిల్లాలోని రామగుండం, గోదావరిఖని బొగ్గుగనుల ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని ఈ పనిని వివరిస్తుంది. పని పద్ధతి ఎక్కడైనా ఒకటే అయినా, ఇక్కడి దుమ్ము, ఇక్కడి ఎండ ఆ పద్ధతిలో కొన్ని జాగ్రత్తలను తప్పనిసరి చేస్తాయి.

ప్రాంత నేపథ్యం

రామగుండం కాజీపేట - బల్హార్షా రైలు మార్గంలో ఒక స్టేషను. దీనికి సమీపంలో, గోదావరి నది కుడి ఒడ్డున, సింగరేణి కాలరీస్ సంస్థ గనుల చుట్టూ పెరిగిన పట్టణం గోదావరిఖని. ఈ ప్రాంతం 2016 వరకు కరీంనగర్ జిల్లాలో ఉండేది. మొదట భూగర్భ గనులు, ఆ తరువాత ఓపెన్‌కాస్ట్ గనులు వచ్చాయి. ఎన్.టి.పి.సి. విద్యుత్ కేంద్రంలో మొదటి యూనిట్ 1983లో ఉత్పత్తి ప్రారంభించింది. ఇక్కడి ప్రభుత్వ ఎరువుల కర్మాగారం 1999లో మూతపడగా, అదే స్థలంలో కొత్త కర్మాగారం 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది.

గనులలోను, కర్మాగారాలలోను ఫిట్టరు, టర్నరు, వెల్డరు, ఎలక్ట్రీషియను ఉద్యోగాలు ఉండటం వలన ఇక్కడి కుటుంబాలకు పానాలు, బేరింగులు, గ్రీజు కొత్త విషయాలు కావు. మూడు షిఫ్టులలో పని జరిగేచోట మనిషికి సొంత బండి అవసరం. రాత్రి షిఫ్టు ముగిసిన వేళ బస్సు కొరకు ఎదురుచూడటం కంటె, కిక్కు కొడితే కదిలే స్కూటరు మేలు. క్వార్టరు వెనుక రేకుల షెడ్డులో ఒక పెట్టె నిండా పానాలు, గోడకు వేలాడే పాత ట్యూబులు ఈ కాలనీలలో పరిచితమైన దృశ్యం.

సాధారణంగా కనిపించే ఇంజన్లు

పాత బండ్లలో రెండు జాతుల ఇంజన్లు ఉన్నాయి. రెండు స్ట్రోకుల ఇంజన్లో పెట్రోలుతోపాటే ఆయిలు కలిసి కాలుతుంది. 1972లో ఉత్పత్తి ప్రారంభమైన బజాజ్ చేతక్ స్కూటరు, రాజ్‌దూత్, మైసూరులో తయారైన జావా, యెజ్డీ బండ్లు, 1985లో వచ్చిన యమహా ఆర్.ఎక్స్. 100 ఈ జాతివి. నాలుగు స్ట్రోకుల ఇంజన్లో ఆయిలు అడుగు భాగంలో వేరుగా ఉంటుంది. 1985లోనే వచ్చిన హీరో హోండా సి.డి. 100, పోత ఇనుప సిలిండరుతో వచ్చిన పాత బుల్లెట్ 350 ఈ జాతికి చెందుతాయి.

ఇంటి మరమ్మత్తుకు రెండు స్ట్రోకుల ఇంజను సులభం. దానిలో కవాటాలు, వాటిని నడిపే కామ్, ట్యాపెట్లు లేవు. నాలుగు నట్లు విప్పితే హెడ్డు చేతికి వస్తుంది. ఇంజక్షను పంపు ఉన్న డీజిలు ఇంజన్లను ఇంటిలో విప్పడం మంచిది కాదు. పంపు, నాజిళ్ళను సరిచేయడానికి పరీక్షా యంత్రం కావాలి.

దుమ్ము, అరుగుదల

ఈ ప్రాంతంలో ఇంజను ఆయుష్షును నిర్ణయించేది దుమ్ము. అయితే ఏ దుమ్ము అనే విషయంలో పొరపాటు అభిప్రాయం ఉన్నది. ఇంటిమీద, బట్టలమీద, బండిమీద కనబడే నల్లని బొగ్గుపొడిని చూసి ఇంజను పాడవడానికి అదే కారణమనుకుంటారు. బొగ్గు మెత్తని పదార్థం; ఇనుమును గీరగల శక్తి దానికి చాలా తక్కువ. ఓపెన్‌కాస్ట్ గనులలో బొగ్గును చేరుకోవడానికి ముందు పైనున్న ఇసుకరాతి పొరలను పేల్చి తొలగిస్తారు. స్థానికంగా ఓ.బి. మట్టి అని పిలిచే దీనిలో స్ఫటిక ఇసుక, అనగా క్వార్ట్జ్, ఎక్కువ. మోస్ కాఠిన్య మాపకంలో క్వార్ట్జ్ స్థానం 7. మామూలు ఉక్కు దాదాపు 4 నుండి 5 మధ్య, పిస్టనుకు వాడే అల్యూమినియం అంతకంటె తక్కువ స్థాయిలో ఉంటాయి. విద్యుత్ కేంద్రపు బూడిదలో కూడ సిలికా, అల్యూమినాలే అధికం. కనుక ఇంజనుకు నల్లని దుమ్ము కంటె తెల్లని, బూడిద రంగు దుమ్ము ఎక్కువ శత్రువు.

ఇంజను ఎంత గాలి పీలుస్తుందో లెక్క వేస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. చేతక్ సిలిండరు వ్యాసం 57 మి.మీ., పిస్టను ప్రయాణం 57 మి.మీ., ఘనపరిమాణం సుమారు 145 సి.సి. నిమిషానికి 4000 చుట్లు తిరిగేటప్పుడు లెక్కప్రకారం నిమిషానికి 580 లీటర్ల గాలి దానిగుండా పోవాలి. వాస్తవంలో ఇంతకంటె తక్కువే అయినా, అదంతా ఫిల్టరు దాటి సిలిండరులోకి వెళ్ళే గాలి. ఫిల్టరు చిరిగినా, ఫిల్టరుకూ కార్బురేటరుకూ మధ్యనున్న రబ్బరు గొట్టం పగిలినా, ఆ గాలితోపాటు ఇసుకరేణువులు లోనికి వెళ్ళి ఆయిలుతో కలిసి సానరాతి ముద్దలాగ పనిచేస్తాయి. ముందు రింగులు, తరువాత సిలిండరు గోడ అరుగుతాయి. అప్పుడు బండి ఆయిలు తాగుతుంది, ఎక్కుడు ఎక్కదు, చివరకు బోరింగుకు వస్తుంది.

దీనికొక సులభమైన పరీక్ష ఉన్నది. ఫిల్టరు తీసి, దాని తరువాత కార్బురేటరువైపు ఉన్న గొట్టం లోపలి భాగాన్ని శుభ్రమైన తెల్లని గుడ్డతో తుడవాలి. గుడ్డకు గరుకు మట్టి అంటుకుంటే ఫిల్టరు తన పని చేయడం లేదని అర్థం. అటువంటి బండికి కొత్త పిస్టను వేయించినా కొద్ది నెలలలో మళ్ళీ అదే స్థితి వస్తుంది. రింగులు మార్చినవారు చాలామంది ఈ గొట్టాన్ని చూడరు.

బొగ్గుపొడి నిర్దోషి అని కాదు. అది ఆయిలు మరకలమీద పేరుకొని సిలిండరు చుట్టూ ఉండే రెక్కల మధ్య గట్టి పొరగా ఏర్పడుతుంది. గాలితో చల్లబడే ఇంజనుకు ఆ రెక్కలే ఆధారం. రామగుండంలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటడం అరుదు కాదు. ఆ ఎండలో రెక్కలు మూసుకుపోయిన రెండు స్ట్రోకుల ఇంజను పొంగిన పిస్టనుతో సిలిండరులో బిగుసుకుపోతుంది. దీనినే ఇంజను పట్టేసింది అంటారు.

విప్పడానికి ముందు

కడగడం ముందు, విప్పడం తరువాత. ఈ క్రమం తప్పితే బయటి మట్టి నేరుగా లోపల పడుతుంది. కార్బురేటరు నోరు, సైలెన్సరు గొట్టం గుడ్డతో మూసి, ప్లగ్గును దాని స్థానంలోనే ఉంచి, రెక్కల మధ్య మట్టిని చెక్కపుల్లతో, కుంచెతో తీయాలి. ఆ తరువాత సబ్బునీటితో కడిగి ఆరనివ్వాలి. అధిక పీడనంతో నీరు కొట్టే యంత్రాన్ని పాత ఇంజన్లమీద వాడరాదు. అది ఎండిపోయిన ఆయిలు సీళ్ళను దాటించి నీటినీ ఇసుకనూ బేరింగులలోనికి నెట్టుతుంది. గాలి వీచే సాయంత్రాలలో, సమీప ఓపెన్‌కాస్ట్‌లో పేలుళ్ళు జరిగే వేళలలో ఇంజనును తెరిచి ఉంచరాదు.

విప్పవలసిన అవసరం నిజంగా ఉన్నదా అనేది కూడ ముందే తేల్చుకోవాలి. నాలుగు స్ట్రోకుల బండి నీలిపొగ వదిలితే ఆయిలు కాలుతున్నది. నల్లపొగ వదిలితే పెట్రోలు అధికంగా పోతున్నది. చలికాలపు ఉదయం కొద్దిసేపు కనబడే తెల్లపొగ నీటి ఆవిరి మాత్రమే. కిక్కు తేలికగా దిగిపోతుంటే ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి మళ్ళీ కొట్టి చూడాలి. ఇప్పుడు కిక్కు బిగువెక్కితే రింగులు అరిగాయి. మార్పు లేకపోతే కవాటాలో, హెడ్డు గ్యాస్కెట్టో కారుతున్నది. చాలా సందర్భాలలో లోపం ఇంత దూరం ఉండదు. మసిపట్టిన ప్లగ్గు, మూసుకుపోయిన జెట్టు, కాలిన పాయింట్లు, ఈ మూడింటిని చూడకుండా హెడ్డు విప్పినవారు పని పెంచుకున్నవారే.

శుభ్రపరచే విధానం

కార్బురేటరు: దీనిని విప్పేటప్పుడు కింద వెడల్పాటి పళ్ళెం ఉండాలి. సూది, తేలుడు బిళ్ళ, చిన్న స్ప్రింగులు ఎగిరిపడితే మట్టిలో దొరకవు. జెట్టు ఇత్తడితో చేసిన చిన్న మర. దాని మధ్యనున్న రంధ్రపు కొలతమీదనే పెట్రోలు పాళ్ళు ఆధారపడి ఉంటాయి. సూదితోను, ఇనుప తీగతోను పొడిస్తే రంధ్రం పెద్దదై బండి పెట్రోలు ఎక్కువ తాగడం మొదలుపెడుతుంది. సన్నని చీపురుపుల్ల, లేక గాలి ఊదే పంపు చాలు. రెండు మూడు నెలలు కదలని బండిలో పెట్రోలు ఆవిరై, గోధుమరంగు జిగురు మిగులుతుంది. అది కార్బురేటరు శుభ్రపరచే ద్రావకంతోనే కరుగుతుంది.

హెడ్డు, పిస్టను: కాలిన ఆయిలు మిగిల్చిన మసి పిస్టను తలమీద, హెడ్డు లోపల గట్టి పెచ్చుగా అంటుకుంటుంది. పెచ్చు మందమైతే దహన గదిలో చోటు తగ్గి, వేడి పెరిగి, ఎక్కుడులో ఇంజను కొట్టుకున్నట్లు శబ్దం చేస్తుంది. మసిని గీకడానికి ఉక్కు బ్లేడు పనికిరాదు. అల్యూమినియంమీద గీతలు పడి, ఆ గీతలలో మసి మరింత త్వరగా పట్టుకుంటుంది. వెదురుబద్దను ఉలిలాగ చెక్కి వాడటం ఉత్తమం. గీకే ముందు పిస్టనును పైకి తెచ్చి, దాని అంచుకూ సిలిండరు గోడకూ మధ్య సందులో గ్రీజు పూయాలి. రాలిన పొడి గ్రీజుకు అంటుకుంటుంది. పని ముగిశాక పిస్టనును కొద్దిగా దించి, గోడమీద మిగిలిన గ్రీజు వలయాన్ని గుడ్డతో తుడిచివేయాలి. రెండు స్ట్రోకుల ఇంజన్లో పొగ బయటికి పోయే ద్వారాన్ని కూడ ఇలాగే గీకాలి. అక్కడి మసి ముక్క అడుగు గదిలో పడితే క్రాంకు బేరింగు పాడవుతుంది. ఒక్క రూపాయి మసి వందల రూపాయల బేరింగును తింటుందని చెప్పవచ్చు.

సైలెన్సరు: రెండు స్ట్రోకుల సైలెన్సరును నిప్పులో కాల్చి మసి పోగొట్టడం పాత పద్ధతి. ఫలితం ఉంటుంది, కాని క్రోమియం పూత నీలిరంగుకు తిరుగుతుంది, పొగ వాడకట్టంతా నిండుతుంది. ఇనుప సైలెన్సరును కాస్టిక్ సోడా ద్రావణంలో నానబెట్టడం మేలు. చేతికి రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. అదే ద్రావణంలో హెడ్డును, కార్బురేటరును ముంచరాదు. కాస్టిక్ సోడా అల్యూమినియంను తినివేస్తుంది; ఆ చర్యలో మండే గుణమున్న హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది.

ఫిల్టరు: లోహపు జాలీ ఫిల్టరును కడిగి ఆరబెట్టి, కొద్దిగా ఆయిలు పట్టించి బిగించాలి. స్పాంజి ఫిల్టరును సబ్బునీటితో కడిగి, ఆయిలు పట్టించి పిండాలి. కాగితపు ఫిల్టరును కడగరాదు. అది మార్చవలసిన వస్తువు. పాత జీపులలో ఆయిలు గిన్నె ఉండే ఫిల్టరు ఉంటుంది. గిన్నె అడుగున బురద చేరినపుడల్లా ఆయిలు మార్చాలి.

నాలుగు స్ట్రోకుల కవాటాలను గ్రైండింగు పేస్టుతో నూరిన తరువాత గాలిద్వారంలో కిరోసిన్ పోసి కొన్ని నిమిషాలు ఉంచుతారు. కవాటం అంచు వెంట తడి కనబడకపోతే నూరుడు సరిపోయినట్లు. నూరిన పేస్టు పూర్తిగా కడిగివేయకపోతే, అది ఓ.బి. దుమ్ము చేసే పనినే చేస్తుంది. సిలిండరు లోపల ఎమరీ కాగితం రుద్దినవారికీ ఇదే హెచ్చరిక. వేడి సబ్బునీటితో కడిగి, తెల్లని గుడ్డ తెల్లగానే వచ్చేవరకు తుడిచి, వెంటనే ఆయిలు పూయాలి. ఆలస్యమైతే పోత ఇనుము గంటలోనే తుప్పు ముఖం చూపుతుంది.

బోరింగు

సిలిండరు గోడ అరిగి గుండ్రదనం కోల్పోతే ఇంటిలో చేయగలిగినది లేదు. లేతు పనివారి వద్ద బోరు పెద్దది చేయించి, ఓవర్‌సైజు పిస్టను వేయాలి. ఇవి సాధారణంగా 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. అధిక కొలతలలో దొరుకుతాయి. చివరి కొలత కూడ అరిగిపోతే సిలిండరుకు కొత్త స్లీవు వేయించాలి, లేదా సిలిండరునే మార్చాలి. పిస్టను కొని తెచ్చి, దానిని కొలిచి బోరు చేయించడం సరైన క్రమం. బోరు చేయించి పిస్టను వెతకడం తలకిందుల పని.

అగ్ని, విషవాయువు

ఈ పనిలో చేతి గాయాలకంటె భయపడవలసినవి రెండు: పెట్రోలు ఆవిరి, ఇంజను పొగ. ఈ రెండింటికీ గని కార్మికునికి తెలిసిన ఉపమానాలు గనిలోనే ఉన్నాయి.

భూగర్భ బొగ్గుగనిలోకి అగ్గిపెట్టె, బీడీ తీసుకుపోవడం నిషేధం. అక్కడి మీథేన్ వాయువు గాలికంటె తేలిక; అది పైకప్పు వద్ద చేరుతుంది. గాలిలో 5 నుండి 15 శాతం వరకు ఉన్నపుడు పేలుతుంది. పెట్రోలు ఆవిరి దీనికి విరుద్ధం. అది గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువు. నేలవెంట పాకి, గడప దాటి, వంటగదిలోని పొయ్యి వరకు, దేవుని దీపం వరకు పోగలదు. గాలిలో ఒకటిన్నర శాతం ఉంటే చాలు, అంటుకుంటుంది. గనిలో వాయువు కొరకు కప్పు చూసే అలవాటున్న కన్ను ఇక్కడ నేలను చూడాలి. పొద్దంతా గనిలో నిప్పుకు దూరంగా ఉన్న మనిషి, ఇంటికి వచ్చి పెట్రోలు పళ్ళెం పక్కన బీడీ ముట్టించడం వింతైనా అసాధారణం కాదు.

పెట్రోలు బదులు కిరోసిన్, అనగా గ్యాసునూనె, వాడితే ప్రమాదం లేదనే నమ్మకం ఉన్నది. చలికాలంలో అది చాలావరకు నిజం. ఒక ద్రవం మంట అంటుకొనేంత ఆవిరిని ఇచ్చే కనిష్ఠ ఉష్ణోగ్రత పెట్రోలుకు సున్నాకు 40 డిగ్రీలు దిగువన ఉంటుంది. కిరోసిన్‌కు భారతీయ ప్రమాణం ప్రకారం కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలు. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద ఉంచిన పళ్ళెంలో కిరోసిన్ ఈ హద్దును సులభంగా దాటుతుంది. కనుక గోదావరిఖని వేసవిలో కిరోసిన్‌ను కూడ పెట్రోలువలెనే చూడాలి. భాగాలు కడిగే పని ఉదయం, ఆరుబయట, మూత ఉన్న పాత్రలో చేసుకోవాలి. ఒక బకెట్ ఇసుక దగ్గర ఉండాలి. నూనె మంటమీద నీరు పోయరాదు.

ఖాళీ పెట్రోలు ట్యాంకును వెల్డింగు చేయించడం అన్నింటికంటె ప్రమాదకరం. నిండు ట్యాంకుకంటె ఖాళీ ట్యాంకే భయంకరమైనది, ఎందుకంటే దానిలో ఆవిరి, గాలి కలిసి ఉంటాయి. ఒకసారి నీటితో కడిగినంతమాత్రాన అది నిరపాయం కాదు. ఈ పని తెలిసిన వెల్డరుకే అప్పగించాలి.

రెండవది కార్బన్ మోనాక్సైడ్. రంగు, వాసన లేని ఈ వాయువు గని పేలుళ్ళ తరువాత ప్రాణాలు తీసే వాయువులలో ముఖ్యమైనది. దీనిని పసిగట్టడానికి ఒకప్పుడు గనులలోకి చిన్న పక్షులను తీసుకొని వెళ్ళేవారు. బొగ్గుగనుల నిబంధనల ప్రకారం పనిస్థలపు గాలిలో ఇది 50 పి.పి.ఎం. మించరాదు. 2000 సంవత్సరానికి పూర్వపు ద్విచక్రవాహనాల పొగలో కాలుష్య పరీక్ష అనుమతించిన హద్దు 4.5 శాతం, అనగా 45,000 పి.పి.ఎం. పరీక్షలో నెగ్గిన బండి పొగ కూడ గని హద్దుకు 900 రెట్లు ఉండవచ్చునన్నమాట. మరమ్మత్తు ముగిసిన ఇంజనును మూసిన షెడ్డులో, వసారాలో నడిపి చూడటం ఎంత అపాయమో ఈ లెక్క చెబుతుంది. తలనొప్పి, వాంతి, మోకాళ్ళలో నీరసం మొదటి గుర్తులు. అవి తెలిసేసరికి లేచి నడిచే శక్తి ఉండకపోవచ్చు.

పాత బ్రేకు లైనింగులు, కొన్ని పాత హెడ్డు గ్యాస్కెట్లు ఆస్బెస్టాస్ నారతో చేసినవి. వాటి పొడిని గాలితో ఊదరాదు, తడిగుడ్డతో తుడవాలి. దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2000 ఫిబ్రవరిలో ఆగిపోయింది. అంతకు పూర్వం నుండి తెరవని ఇంజన్లలో మసి సీసంతో కూడి ఉంటుంది కనుక దానినీ తడిపి తీయాలి. పిల్లలను ఆ ఆవరణలోకి రానీయరాదు.

ఇంధనంలో మార్పు

2023 నుండి దశలవారీగా 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు దేశంలో అమ్మకానికి వచ్చింది. పాత బండ్ల రబ్బరు గొట్టాలు, సీళ్ళు దీనికోసం తయారైనవి కావు. ఉబ్బి, మెత్తబడి కారవచ్చు. ఇథనాలు గాలిలోని తేమను పీలుస్తుంది. నిలిచిపోయిన బండి ట్యాంకులో నీరు వేరై అడుగున చేరి తుప్పు పట్టిస్తుంది. వానాకాలంలో బండిని నెలల తరబడి నిలిపేవారు ట్యాంకును, కార్బురేటరు గిన్నెను ఖాళీ చేసి ఉంచడం మేలు. ఇథనాలు కాలడానికి పెట్రోలుకంటె తక్కువ గాలి చాలు. అందువలన పాత జెట్టుతో మిశ్రమం పలచబడి ఇంజను ఎక్కువ వేడెక్కుతుంది. ఎండకు ముందే అలసిన రెండు స్ట్రోకుల ఇంజన్లకు ఇది గమనించవలసిన విషయం.

వాడిన ఆయిలు, నమోదు పత్రాలు

ఇంజను నుండి తీసిన నల్ల ఆయిలును తలుపులకు, మంచపుకోళ్ళకు చెదలు పట్టకుండా పూయడం పల్లెలలో పాత అలవాటు. దానిలో లోహపు పొడి, హానికరమైన దహన పదార్థాలు ఉంటాయి కనుక చర్మానికి తగలనీయరాదు. మురికి కాలువలో పోస్తే అది చివరకు గోదావరికే చేరుతుంది. ఈ కాలనీలకు తాగునీరు ఆ నది నుండే వస్తుంది. డబ్బాలో నిలువచేసి, అనుమతి ఉన్న పునశ్శుద్ధి కేంద్రాలకు పంపే వ్యాపారులకు ఇవ్వాలి.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాహనాల నమోదు పదిహేను సంవత్సరాల వరకు చెల్లుతుంది. ఆ తరువాత తనిఖీ చేయించి ఐదేసి సంవత్సరాలకు పొడిగించుకోవాలి. ఒకప్పుడు కరీంనగర్ జిల్లా గుర్తుగా ఉన్న ఏపీ 15తో మొదలయ్యే నంబర్లున్న బండ్లలో పదిహేను సంవత్సరాలు దాటినవి ఇప్పుడు ఈ అవసరంలోనే ఉంటాయి. తనిఖీలో ఇంజను నంబరును కాగితాలతో పోల్చి చూస్తారు. తుప్పు గీకేటప్పుడు, రంగు వేసేటప్పుడు ఆ అంకెలు చెరగకుండా గ్రీజు పూసి కాగితం అంటించుకోవాలి. ఇంజను మొత్తాన్ని మార్చినట్లయితే ఆ మార్పును రవాణా శాఖ కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి.